బాలయోగి పేరున్న స్టేడియం, పేరు లేని మన గ్రౌండు



హైదరాబాద్‌లో కబడ్డీ మ్యాచ్ చూసొచ్చిన వాళ్లని ఎక్కడ జరిగిందని అడగండి. 'గచ్చిబౌలి స్టేడియం' అంటారు. ఫుట్‌బాల్ చూసిన వాళ్లూ, వాలీబాల్ చూసిన వాళ్లూ అదే మాట. అక్కడే ఎదురుగా షాపు పెట్టుకున్న వాళ్లకి కూడా అది గచ్చిబౌలి స్టేడియమే. ఆ గేటు మీద ఉన్న పేరు జి.ఎం.సి. బాలయోగి. గంటి మోహనచంద్ర బాలయోగి. కోనసీమ మాల కుటుంబంలో పుట్టి, 1998లో లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 1999 ఏప్రిల్‌లో వాజపేయి సర్కారు ఒక్క ఓటుతో కూలిన రోజు సభను నడిపింది ఆయనే. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. అదే ఏడాది డిసెంబర్‌లో జాతీయ క్రీడల కోసం తెరిచిన స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

పేరు పెట్టడం వేరు, పలకడం వేరు. లాల్ బహదూర్ స్టేడియాన్ని జనం ఎల్బీ స్టేడియం అని కుదించినా అందులో శాస్త్రి గారి రెండు అక్షరాలైనా మిగిలాయి. బాలయోగికి అవి కూడా దక్కలేదు. దీన్ని కుట్ర అనను. నాలుకకు సులువైంది నాలుక పట్టుకుంటుంది. కానీ సాహిత్యం చదువుకున్నవాణ్ని కదా, ఏ పేరు నోట్లో నిలబడుతుంది, ఏ పేరు బోర్డు మీద ఎండిపోతుంది అన్నది నాకు ఎప్పుడూ ఆసక్తే. మా క్లాసులో నలభై మందిని అడిగాను, బాలయోగి ఎవరని. ఒక్కడు చెయ్యెత్తి 'యోగా గురువా సార్' అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని చోట నేను సాధారణంగా చాక్‌పీస్ తీసుకుంటాను. ఆ రోజు ఆధునిక కవిత్వం పీరియడ్ స్పీకర్ ఎన్నిక మీద గడిచిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక స్టేడియం ఎవరిది? నగరానిదా, ప్రభుత్వానిదా, అందులో ఆడే జట్టుదా, ఆ జట్టును కొన్న కంపెనీదా, టికెట్ కొన్నవాడిదా? విశాఖలో స్వర్ణభారతి ఇండోర్ స్టేడియం ఉంది. అది నగరపాలక సంస్థ సొంతం, ఆస్తి పన్ను కట్టే ప్రతివాడికీ అందులో కాగితం మీద వాటా ఉన్నట్టే. మన దగ్గర పెద్దవి చాలావరకు రాష్ట్ర క్రీడా సంస్థ చేతిలో ఉన్నాయి. బల్దియా చేతిలో చిన్న గ్రౌండ్లు, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్ లాంటివి ఉన్నాయి. ఎవరి చేతిలో ఉన్నా డబ్బు ప్రజలది, భూమి ప్రజలది. ఇక్కడివరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ తలుపు దగ్గర మొదలవుతుంది.

తుక్కుగూడ నుంచి ఆ తలుపు ఎంత దూరమో ముందు చెప్తాను. మా ఊరు ఔటర్ రింగ్ రోడ్డు మీదే ఉంది. మహేశ్వరం మండలం, ఒక పక్క రావిర్యాల హార్డ్‌వేర్ పార్క్, ఇంకో పక్క శంషాబాద్ విమానాశ్రయం. ఔటర్ ఎక్కితే గచ్చిబౌలి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, కారుకు అరగంట. కానీ ఔటర్ మీదికి టూ వీలర్లను రానియ్యరు. ప్రాణాల భద్రత కోసమే ఆ నిబంధన, కాదనను. అయితే మా వాడలో కార్లు ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన పొలాల మధ్య నుంచి పోయిన ఎనిమిది లేన్ల రోడ్డును మన పిల్లలు సర్వీస్ రోడ్డు నుంచి తల ఎత్తి చూస్తారు. బస్సులో పోతే శంషాబాద్‌లో మారి, మెహదీపట్నంలో ఇంకోసారి మారాలి. సాయంత్రం ట్రాఫిక్‌లో రెండున్నర గంటలు. ఎనిమిది గంటల మ్యాచ్ అయిపోయేసరికి తిరుగు బస్సు ఉండదు.

2024 అక్టోబర్‌లో ప్రో కబడ్డీ పదకొండో సీజన్ గచ్చిబౌలి ఇండోర్‌లో మొదలైనప్పుడు మా కాలేజీ అమ్మాయిలు ఆరుగురు, అబ్బాయిలు నలుగురు వెంటపడ్డారు. "సార్, ఒక్కసారి తీస్కపోండ్రి సార్. టీవీలనే చూస్తున్నం ఎప్పుడూ." ఆడపిల్లలకు మహాలక్ష్మి ఉంది, బస్సు ఛార్జీ లేదు. మగపిల్లలు చందాలేసుకున్నారు. రాత్రి రావడానికి తుఫాన్ ఒకటి మాట్లాడాను. ఆ అమ్మాయిల ఇళ్లకు వెళ్లి ఒక్కొక్క తల్లికీ చెప్పి వచ్చేసరికి నాకు పీహెచ్‌డీ వైవా గుర్తొచ్చింది. ఒకామె అయితే, "కబడ్డీ సూడనీకి పట్నం పోవుడెందుకు సారూ, మా ఆయన తాగొచ్చినప్పుడు మా ఇంట్ల రోజూ ఉంటది" అంది. నవ్వేసి పంపించింది.

తెలుగు టైటాన్స్ 2014లో మొదటి సీజన్ నుంచీ ఉన్న జట్టు. విశాఖ, హైదరాబాద్ రెండూ సొంత ఊళ్లే అంటుంది. రాహుల్ చౌదరి కూతకు పోతుంటే తెలుగు ఇళ్లల్లో అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయిన రోజులు ఉన్నాయి. తర్వాత పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి కొన్నారు, అప్పటికి ఆ లీగ్‌లో అదే రికార్డు. ఒకరు ఉత్తరప్రదేశ్, ఒకరు ఢిల్లీ. జట్టు జాబితాలో తెలుగు పేర్లు మాత్రం బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుకోవాలి. బయటివాళ్లు ఆడకూడదని కాదు నా గొడవ. ఆటకు సరిహద్దులు పెట్టేవాణ్ని కాను. కానీ 'తెలుగు' అన్న మాట అమ్ముడుపోతున్నప్పుడు అందులో తెలుగు వాడల పిల్లల వంతు ఎంత అని అడగడానికి హక్కుంది.

లోపలికి పోయాక మా పిల్లలు ఒక పావుగంట ఏమీ మాట్లాడలేదు. ఆ లైట్లు, ఆ డీజే, ఆ మ్యాట్. అందరికన్నా ఎక్కువగా మ్యాట్‌నే చూసింది మా సెకండియర్ అమ్మాయి ఒకామె. పేరు రాయను. మంచి రైడర్. మట్టిలో ఆమెను పట్టుకోవడం మగపిల్లలకు కూడా కష్టమే. అంతకు రెండు నెలల ముందు ఒక సెలక్షన్‌కు పోయి మొదటి రైడ్‌లోనే కాలు జారి పడింది. సెలక్షన్ మ్యాట్ మీద పెట్టారు. ఆమె పుట్టి బుద్ధెరిగాక మ్యాట్ మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. మట్టిలో కాలి బొటనవేలు తవ్వి ఆగుతుంది. మ్యాట్ మీద బొటనవేలికి పట్టు దొరకదు, దానికి వేరే బూట్లు, వేరే ఆగడం, వేరే మలుపు. అదంతా నేర్చుకోవాలంటే ముందు మ్యాట్ కావాలి. మ్యాట్ ఉన్న వాళ్లు నెగ్గుతారు, నెగ్గిన వాళ్లకే మ్యాట్ ఇస్తారు. మెరిట్ అంటే ఏమిటని క్లాసులో వాదించే మిత్రులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఆ అమ్మాయి ఆ రాత్రి స్కోరు చూడలేదు. ఆటగాళ్ల పాదాలు చూస్తూ కూర్చుంది. "సార్, వాళ్లు మడమ మీద ఆగుతలేరు, పక్కకు ఆగుతున్నరు చూడుండ్రి" అంది. టైటాన్స్ ఆ రోజు గెలిచారా ఓడారా అన్నది కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆ వాక్యం గుర్తుంది.

కబడ్డీ గురించి ఇంకో మాట. ముట్టుకోకుండా ఆడలేని ఆట అది. తాకితే అవుట్, పట్టుకుంటే అవుట్. క్రికెట్‌లో ఇరవై గజాల దూరం నుంచి బంతి విసిరి మర్యాదగా ఉండొచ్చు. కబడ్డీలో ఎదుటివాడి చెమట నీకు అంటుతుంది. అందుకేనేమో మా చిన్నప్పుడు మా ఊళ్లో రెండు జట్లు ఉండేవి, ఊరి జట్టు ఒకటి, వాడ జట్టు ఒకటి. రెండూ ఎప్పుడూ ఎదురెదురు ఆడలేదు. సంక్రాంతికి ఊరి జట్టు పక్కూరి ఊరి జట్టుతో ఆడేది, మా జట్టు పక్కూరి వాడ జట్టుతో ఆడేది. మాకు గెలిస్తే కొబ్బరికాయ, వాళ్లకు గెలిస్తే షీల్డు. మా నాయిన మంచి డిఫెండర్ అని చెప్పేవాళ్లు. ఆయన చీలమండ పట్టు చూసిన మునుసబు గారి కొడుకు ఒకసారి "నువ్వు మా జట్టులో ఉంటే బాగుండు రా" అన్నాడట. ఉండొచ్చు కదా మరి? ఆ మాట దాకే వచ్చింది, ఆ మాట దాటి రాలేదు.

పల్వంకర్ బాలూ కథ మీలో చాలామందికి తెలుసు. 1911లో ఇంగ్లాండ్ వెళ్లిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీసిన చమార్ బౌలర్. మైదానంలో బంతి అతని చేతి నుంచి అందరి చేతుల్లోకీ పోయేది. టీ విరామంలో మాత్రం ఆయనకు బయట, మట్టి కప్పులో. హిందూ జట్టుకు ఆయన బౌలింగ్ కావాలి, కెప్టెన్సీ మాత్రం ఆయనకు ఇవ్వలేదు. అది దక్కడానికి ఆయన తమ్ముడు విఠల్ దాకా, 1923 దాకా ఆగాల్సి వచ్చింది. అదే బాలూ 1937 ఎన్నికల్లో అంబేద్కర్ మీద నిలబడి ఓడిపోయాడు. చరిత్ర మన సౌకర్యం కోసం శుభ్రంగా ఉండదు. ఇంకో సంగతి, ఈ రోజుకీ మీరట్‌లో క్రికెట్ బంతులు కుట్టేవాళ్లలో ఎక్కువమంది జాటవులే. తోలు మనది, కుట్టు మనది. బంతి గాల్లోకి లేచాక ఎవరిదో అవుతుంది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ అలా కాదు అనుకునే రోజులు కొన్ని ఉన్నాయి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. అమ్ముగూడ పేదింటి నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం 1956 ఒలింపిక్స్ ఆడాడు, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం జట్టులో ఉన్నాడు. ఆ జట్టు మన నౌకర్ల జట్టు, జీతం తీసుకునే పోలీసుల జట్టు. దాన్ని ఎవరూ కొనలేదు, అందుకే ఎవరూ అమ్మలేదు. ఇప్పటి సంగతి చూడండి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది, అదీ పుణె జట్టు మూతపడితే దాని చోటులో. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. కరోనా కాలం కాబట్టి ఆ సీజనంతా గోవాలోనే ఆడారు. నగరం పేరు పెట్టుకున్న జట్టు ఛాంపియన్ అయిన సీజన్‌లో నగరంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తర్వాత రెండేళ్లు తిరక్కముందే ఆటగాళ్లకు జీతాలు అందని పరిస్థితి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోవడం. 2025లో జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయి, పేరు కూడా మార్చుకుంది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది, మధ్యలో మన స్టేడియం బస్టాండు. నాకు దాని మీద కోపం లేదు. ఎల్లో జెర్సీ కొనుక్కున్న మా స్టూడెంట్ ఒకడు దాన్ని ఇప్పుడు చేపలు పట్టడానికి వేసుకుపోతున్నాడు, అంతే.

జట్లు పోతాయి, భూమి పోదు. అందుకే భూమి దగ్గరికి రావాలి.

2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐఎంజీ భారత అనే సంస్థకు 850 ఎకరాలు రాసివ్వడానికి ఒప్పందం చేసుకుంది. క్రీడా అకాడమీలు కడతారు, ఒలింపిక్స్ స్థాయి వసతులు తెస్తారు అన్నది చెప్పిన కారణం. అందులో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలో, 450 ఎకరాలు మా తుక్కుగూడకు దగ్గర్లోని మామిడిపల్లిలో. 2006లో వైఎస్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది, 2007లో చట్టం తెచ్చింది, కేసు నడిచి నడిచి 2024లో హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ భూమి ప్రభుత్వానిదే అని తేలింది. ఆ తర్వాత ఏం జరిగిందో మీలో కొందరు లాఠీ దెబ్బలతో సహా గుర్తు పెట్టుకున్నారు. 2025 మార్చి చివర ఆ 400 ఎకరాల్లోకే బుల్డోజర్లు వచ్చాయి, హెచ్‌సీయూ పిల్లలు అడ్డం పడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఆట పేరు మీద పోయిన భూమి ఐటీ పేరు మీద మళ్లీ పోబోయింది. ఆట అన్న మాట ఎంత మంచి ముసుగో గమనించండి. స్కూలు కడతామంటే లెక్కలు అడుగుతారు. ఆసుపత్రి అంటే డాక్టర్లేరీ అని అడుగుతారు. స్టేడియం అంటే మాత్రం జనం చప్పట్లు కొడతారు.

నేను కూడా ఆ క్యాంపస్‌లోనే పీహెచ్‌డీ చేశాను. హాస్టల్ నుంచి నడుచుకుంటూ బయటికొస్తే బాలయోగి స్టేడియం లైట్లు కనబడేవి. 2016 జనవరిలో వెలివాడ దగ్గర చలిలో కూర్చున్న రాత్రులు కూడా ఉన్నాయి. ఆ రోజుల గురించి ఈ వరుసలో ఇంతకు ముందే రాశాను కాబట్టి ఇక్కడ ఆగుతాను. 2020 ఏప్రిల్‌లో అదే క్రీడా ప్రాంగణంలో ఆటగాళ్ల కోసం కట్టిన ఎత్తైన టవర్‌ను వారాల్లో 1,500 పడకల టిమ్స్ ఆసుపత్రి చేశారు. మనసుంటే ప్రభుత్వం ఎంత వేగంగా ఒక భవనాన్ని ప్రజల చేతికి తేగలదో అప్పుడు చూశాం.

ఇక మా వైపు సంగతి. 'ప్రజా ప్రయోజనం' అన్న రెండు మాటలు మా తాతకు రాయడం రాదు కానీ వాటి బరువు తెలుసు. భూమి లేనివాళ్లకు ఇచ్చిన అసైన్డ్ పట్టా రెండెకరాలు మాకూ ఉండేది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. పేదవాడి భూమి పెద్దవాడి చేతికి పోకుండా కాపాడే మంచి చట్టం. కానీ సర్కారే తిరిగి తీసుకున్నప్పుడు అదే కాగితం మా మెడకు చుట్టుకుంది. పక్క గట్టు పట్టా భూమికి ఒక ధర, మాకు ఇంకో ధర. ఇచ్చింది మేమే, తీసుకుంటున్నది మేమే అన్నట్టు మాట్లాడారు వచ్చిన వాళ్లు. 2004లో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, మన రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్ నుంచి పోయిన కేసులోనే, అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. న్యాయం చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ తీర్పు తప్పక చదవండి. మా తాతకు దాని సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన చేతికొచ్చిన డబ్బులో మూడొంతులు పాత అప్పులకు పోయింది. మిగిలినదాంతో మా నాయిన నన్ను చదివించాడు. నా డాక్టరేట్ పట్టాకు, ఆ పోయిన పట్టాకు ఉన్న చుట్టరికం అది.

ఇంత భూమి ప్రజా ప్రయోజనానికి పోయిన చోట మా పిల్లలకు ఆడుకునే జాగా ఎంత? పెద్ద సభలకు మాత్రం తుక్కుగూడ ప్రసిద్ధి. 2022 మే 14న అమిత్ షా సభ, 2023 సెప్టెంబర్ 17న సోనియా గాంధీ వచ్చి ఆరు గ్యారంటీలు చెప్పిన సభ, 2024 ఏప్రిల్ 6న మళ్లీ కాంగ్రెస్ జనజాతర. లక్షల మంది నిలబడే చోటు ఉంది, పద్నాలుగు మంది కబడ్డీ ఆడే చోటు లేదు. ఆడవాళ్ల కబడ్డీ కోర్టు ఎంతనుకున్నారు? పన్నెండు మీటర్ల పొడుగు, ఎనిమిది మీటర్ల వెడల్పు. మంత్రి గారి వేదిక అంత కూడా ఉండదు. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు. ఒక ఊళ్లో నేను చూసిన ప్రాంగణంలో నీలం బోర్డు ఉంది, రెండు ఇనుప పోళ్లున్నాయి, వాటి మధ్య ఎవరో వడ్లు ఆరబోశారు. వడ్లను తిట్టను, కల్లాలు కూడా వెంచర్లకే పోయాయి మరి.

అయినా పిల్లలు ఆగరు. మన గురుకులాల్లో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. టీ అమ్మే తండ్రి బిడ్డ. అదే గురుకులాల నుంచి పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్టు ఎక్కారు. వాళ్ల వెనక ఏముందో చూడండి: హాస్టల్, మూడు పూటల తిండి, గ్రౌండు, పొద్దున లేపే పీఈటీ. ఏ ఫ్రాంచైజీ లేదు, ఏ వేలం లేదు. రోజూ తలుపు తీసి ఉన్న ఒక ప్రభుత్వ ఆవరణ ఉంది. నేను స్టేడియాల నుంచి కోరేది ఇంతే. టైటాన్స్ ఆడుకోనీ, వాలీబాల్ వాళ్లు ఆడుకోనీ, పెద్ద మ్యాచ్‌లు రానీ. మిగిలిన రోజుల్లో, అంటే ఏడాదిలో ఎక్కువ రోజుల్లో, ఆ మ్యాట్ ఎవరి కాళ్ల కింద ఉంటోంది? ప్రజల స్థలాన్ని వాడుకునే ఫ్రాంచైజీ అద్దె కట్టి చేతులు దులుపుకోవడమేనా, చుట్టుపక్కల మండలాల నుంచి బస్సు పెట్టి వారానికి రెండు రోజులు పిల్లలకు మ్యాట్ మీద శిక్షణ ఇప్పించాలని ఒప్పందంలో రాయలేమా? రాయొచ్చు. 850 ఎకరాలకే ఒప్పందం రాసిన చేతులకు ఇది ఒక పేరా.

ఈ లోపల మేం ఒక పని మొదలుపెట్టాం. మా ఊరి చుట్టూ వెంచర్లే వెంచర్లు. లేఅవుట్‌కు అనుమతి కావాలంటే కొంత భాగం ఖాళీ జాగాగా వదిలి స్థానిక సంస్థ పేరు మీద గిఫ్ట్ డీడ్ చేసి రిజిస్టర్ చేయించాలి. అంటే ఆ గేటెడ్ గోడల లోపల పార్కు అని రాసి ఉన్న ముక్క ప్లాట్లు అమ్మినవాడిది కాదు, స్థానిక సంస్థది, అంటే మనది. ఒక వెంచర్‌లో మా అమ్మాయిలు అలాంటి ముక్కలో సున్నంతో గీతలు గీసి ఆడుతుంటే సెక్యూరిటీ అన్న వచ్చి వెళ్లిపొమ్మన్నాడు. ఆయనా మన వాడే, పక్క మండలం, పన్నెండు గంటల డ్యూటీ. ఆయనతో కొట్లాడి లాభం లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టాం, పోయిన బుధవారం చేతికొచ్చింది. నాలుగు జిరాక్సులు తీశాం. ఒకటి సెక్యూరిటీ అన్నకే ఇస్తాం, రేపు ఆయన మీదికి ఎవరైనా వస్తే చూపించడానికి.

మ్యాట్ ముక్కలు పాతవి ఎవరి కాలేజీలోనైనా మూలన పడి ఉంటే చెప్పండి, ఆటోలో తెచ్చుకుంటాం. ఆదివారం పొద్దున ఆరింటికి ఆట. ఆ రైడర్ అమ్మాయి ఐదున్నరకే వచ్చి సున్నం పోస్తానంది.